ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంప్: రాత్రి గాలం వేటలో కొన్నేళ్ల వాడకం తర్వాత

హెడ్‌ల్యాంప్ కొనడానికి వెళ్తే షాపులో మొదట వినిపించే మాట ల్యూమెన్లు, అంటే వెలుగు ఎంతో చెప్పే కొలత. 300 అని ఒకటి, 1000 అని ఇంకొకటి. ఒడ్డున నిలబడి రాత్రిపూట గాలం వేసేవాళ్లకి ఆ అంకెతో పెద్దగా పని లేదు. చీకట్లో మీట నొక్కగానే ముందు ఏ లైటు వెలుగుతుందన్నది అసలు చూసుకోవాల్సిన సంగతి. చాలాకాలంగా ఒకే హెడ్‌ల్యాంప్ వాడుతున్నాను. విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద, యారాడ ఇసుకలో, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే మొగ దగ్గర, అన్ని చోట్లా అదే నా తల మీద ఉంటుంది. దాని మంచీ చెడూ రెండూ చెప్పగలిగేంత వాడాను.

వస్తువు సాదాసీదాది. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే ఒక 18650 లిథియం బ్యాటరీ, టైప్-సి చార్జింగ్, తెల్ల లైటు మూడు స్థాయిల్లో, పక్కన చిన్న ఎర్ర ఎల్ఈడీ. నేను కొన్నప్పుడు రెండు వేల లోపే అయింది. నీటి రక్షణ ఐపీఎక్స్4, అంటే ఏ వైపు నుంచి తుంపర్లు పడ్డా తట్టుకుంటుంది, నీళ్లలో మునిగితే మాత్రం హామీ లేదు. ఇలాంటివి బజార్లో చాలా ఉన్నాయి. దీన్ని వదలకుండా పట్టుకోవడానికి ఒకటే కారణం: ఎర్ర లైటుకి వేరే మీట ఉంది. నొక్కితే నేరుగా ఎర్రదే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. తెల్ల లైటు జోలికే పోదు.

తక్కువ ధర వాటిలో చాలావరకు ఒకే మీట ఉంటుంది. నొక్కగానే పూర్తి తెల్ల వెలుగు, తర్వాత సగం, తర్వాత మిణుకుమిణుకు, ఆ తర్వాతే ఎర్రది. ఎర మార్చుకుందామని ఎర్ర లైటు కోసం నొక్కుతుంటే ఈలోపు పక్కవాళ్ల కళ్లలో, నీళ్ల మీద, మన చేతుల మీద తెల్ల వెలుగు కొట్టేసి ఉంటుంది. ఆర్పాలన్నా మళ్లీ అదే వరుస తిరగాలి కొన్నింటిలో. ఎర్ర లైటు ఉందని పెట్టె మీద రాసి ఉన్నా, దాన్ని చేరే దారి ఇలా ఉంటే అది లేనట్టే.

దీనికి నేనెందుకింత ప్రాముఖ్యం ఇస్తున్నానో అర్థం కావాలంటే కంటి సంగతి కొంచెం చెప్పాలి. చీకట్లో మనకు చూపునిచ్చే కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు పడితే అది విడిపోతుంది, చీకట్లో మెల్లగా మళ్లీ తయారవుతుంది. కన్ను చీకటికి బాగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ప్రకాశవంతమైన తెల్ల వెలుగు ఒక్కసారి సూటిగా తగిలితే ఆ అలవాటంతా క్షణాల్లో పోతుంది. ఆ కణాలకు ఎర్ర వెలుగు, ముఖ్యంగా తరంగదైర్ఘ్యం 620 నానోమీటర్లు దాటింది, దాదాపు పట్టదు. అందుకే సన్నటి ఎర్ర వెలుగులో ముడి వేసుకుని తలెత్తితే అల విరిగే తెల్లటి గీత, రాడ్ కొన, పక్క రాయి అంచు అన్నీ అలాగే కనిపిస్తాయి. ఇక్కడ సన్నటి అన్న మాట ముఖ్యం. ఎర్రదైనా మరీ ప్రకాశంగా ఉంటే చూపు కొంత దెబ్బతింటుంది. నా దాంట్లో ఎర్ర లైటు చేతుల మీదకు సరిపడా మాత్రమే ఉంటుంది, నడవడానికి చాలదు. చాలామంది దాన్ని లోపమంటారు. నాకు మాత్రం అంతే కావాలి.

రాళ్ల మీద ఈ చీకటి చూపు ప్రాణానికి సంబంధించిన విషయం. హెడ్‌ల్యాంప్ పూర్తి వెలుగులో ఉంటే ఆ వెలుగు పడిన రాయి బాగా కనిపిస్తుంది, దాని అవతల అంతా నల్లటి గోడ. పెద్ద అల లేస్తున్నా తెలియదు. లైటు ఆర్పి ఉంటే చుక్కల వెలుగులోనే అల లేవడం ముందుగా తెలుస్తుంది, వెనక్కి జరగడానికి సమయం దొరుకుతుంది. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు మాత్రం తెల్ల లైటు తప్పనిసరి. నాచు పట్టిన రాయి మీద ఎర్ర వెలుగును నమ్ముకుని అడుగు వేయకూడదు.

ఎర్ర వెలుగుకి చేతకాని పనులు ఇంకా ఉన్నాయి. ఎర్ర, నారింజ రంగు బ్రెయిడ్ (అల్లిన) గాలం దారం అందులో తెల్ల దారంలా కనిపిస్తుంది, తెల్లదానికీ దానికీ తేడా తెలియదు. చెయ్యి తెగితే రక్తం సరిగా కనిపించదు. జెల్ల పడిందంటే నేను వెంటనే తెల్ల లైటు, తక్కువ స్థాయిలో, వేస్తాను. దాని వీపు ముల్లు, పక్క ముళ్లు ఎటు నిక్కి ఉన్నాయో స్పష్టంగా కనపడకుండా గాలం ఊడదీయడానికి చెయ్యి పెట్టకూడదు, గుచ్చుకుంటే ఆ రాత్రంతా సలుపుతుంది. టేకు చేపకైతే మరీ జాగ్రత్త, దాని తోక ముల్లుతో చెలగాటం వద్దు. ఇలాంటప్పుడు పద్ధతి ఒకటే: సముద్రానికి వీపు పెట్టి, కూర్చుని, తల వంచి, లైటు కిందికి తిప్పి పని పూర్తి చేసుకోవడం. అర నిమిషం చాలు.

పక్కవాళ్ల విషయానికి వస్తే, హెడ్‌ల్యాంప్‌కు పుట్టుకతోనే ఒక చెడ్డ గుణం ఉంది. మనం ఎటు చూస్తే అటు కొడుతుంది. ఎవరైనా పలకరిస్తే సహజంగా వాళ్ల ముఖంలోకే చూస్తాం. అందుకే మనిషి దగ్గరకు వెళ్లే ముందు లైటు ఆర్పేస్తాను, లేదా మెడలోకి దించుకుంటాను. మెడలో వేలాడితే వెలుగు పాదాల ముందే పడుతుంది, ఎవరి కళ్లకూ తగలదు. కొంచెం దూరం నుంచే "ఏం గురూ, ఏమైనా పడ్డాయా?" అని గొంతు వినిపించి వెళ్తే అవతలి మనిషి ఉలిక్కిపడడు కూడా.

మనలాగే సరదాగా గాలం వేసేవాళ్లకంటే, సముద్రం మీద బతికేవాళ్ల సంగతి ఎక్కువగా పట్టించుకోవాలని నా గట్టి నమ్మకం. తెల్లవారుజామున ఫైబర్ పడవలు ఒడ్డుకు వస్తాయి. అలలు విరిగే చోట దాటడమే వాళ్లకు కష్టమైన ఘట్టం. వెనక నుంచి వచ్చే అలను, ముందున్న ఇసుకను చూసుకుంటూ సరైన క్షణం చూసి పడవను ఎక్కించాలి. అప్పుడు ఒడ్డు నుంచి ఎవరో తెల్ల లైటు సూటిగా కొడితే వాళ్లకు ఏమీ కనిపించదు. సాయం చేస్తున్నామనుకుని లైటు కొట్టేవాళ్లు కూడా ఉంటారు. భీమిలి వైపు ఒక పెద్దాయన పడవ దిగి వచ్చి మా దగ్గర ఉన్న కుర్రాళ్లకు ఎంతో ఓపిగ్గా చెప్పాడు: "బాబూ, మాకు లైటెయ్యొద్దు. ఆర్పెయ్యండి సాలు. అల మాకు సీకట్లోనే కనపడతాది." ఆ మాటను నేను తర్వాత చాలామందికి చెప్పాను. అలివి వల లాగే చోటైనా ఇంతే, అడిగితేనే లైటు వేయాలి.

సముద్రం వైపు మిణుకుమిణుకు లైటు అసలు వేయకూడదు. మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి వెలుగులంటే ఆపదలో ఉన్నామని అర్థం. మన లైటులోని మిణుకు అచ్చంగా అదే కాకపోయినా, దూరంగా పడవలో ఉన్నవాళ్లకు అనుమానం కలిగి ఇటు తిరిగే అవకాశం ఉంది. ఎర్ర లైటుని కూడా సముద్రం వైపు వెలిగించి ఉంచకూడదు. పడవలకు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ దీపాలుంటాయి కాబట్టి ఒడ్డున ఎర్ర చుక్క తికమక పెట్టవచ్చు. నా హెడ్‌ల్యాంప్‌లో ఎస్ఓఎస్ మిణుకు కోసం తెల్ల మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పొరపాటున తగిలితే వెలగదు. ఇదొక మంచి ఏర్పాటు, అవసరం పడినప్పుడు మాత్రం ఉంటుంది.

చేపల మాట. లైటు పడితే చేపలు పారిపోతాయని కొందరు, లైటుకే చేపలు వస్తాయని కొందరు వాదించుకుంటారు. రెండూ నిజమే. కదలకుండా నిలకడగా ఉన్న వెలుగు కింద నీటిలోని సన్నటి జీవులు పోగవుతాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి వస్తాయి. వంతెనల దీపాల కింద వెలుగూ నీడా కలిసే గీత పక్కన పండుగప్ప నీడలో కాపు కాసేది అందుకే. లోతు తక్కువ నీటిలోకి ఒక్కసారిగా వచ్చి పడి అటూ ఇటూ ఊగే టార్చి వేరు. మొగ దగ్గర నడుములోతు కూడా లేని చోట అలాంటి వెలుగు పడ్డాక నీళ్ల మీద చిన్న చేపలు చెదిరిపోవడం కళ్లారా కనిపిస్తుంది, ఆ తర్వాత చాలాసేపు దారం కదలదు. ఒకరు వేసిన లైటుకి ఆ వరసలో నిలబడ్డ అందరి వేటా పోతుంది.

ఈ మధ్య కొందరు బైకు బ్యాటరీకి తగిలించి పెద్ద ఫ్లడ్ లైట్లు తెస్తున్నారు. 2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మన ప్రత్యేక ఆర్థిక జలాల్లో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉన్న సముద్రంలో, ఎల్ఈడీ వెలుగులతో చేపలను పోగుచేసి పట్టడాన్ని నిషేధించింది. అది పడవల వేటకు సంబంధించిన ఉత్తర్వు. చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ వలలోకి వచ్చేస్తాయన్నదే అప్పటి ఆందోళన. ఒడ్డున గాలం వేసేవాడి ఫ్లడ్ లైటు అంత పని చేయదు, నిజమే. అయినా ఆ వెలుగు పక్క నిలబడిన ఎవరికీ సముద్రం సముద్రంలా కనిపించదు. అలాంటి చోట నేను నిలబడలేను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే దగ్గరిది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జీవులు. ఒడ్డెక్కే తల్లికి వెలుగు, సందడి ఎదురైతే గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగిపోతుంది. నెలన్నర, రెండు నెలల తర్వాత పొదిగి బయటికొచ్చే పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో అన్నిటికంటే వెలుగుగా కనిపించేది నీటి మీది ఆకాశం. మన తెల్ల లైటు ఉంటే అవి సముద్రాన్ని వదిలి ఇసుక మీద మన వైపు పాకుతాయి. పొట్టి తరంగాల వెలుగు, అంటే నీలం కలిసిన తెల్లటిది, వాటిని ఎక్కువగా లాగుతుంది. ఎర్రది తక్కువ. తక్కువే తప్ప అస్సలు లేదని కాదు. అందుకే ఆ నెలల్లో యారాడ ఇసుకలో తాబేలు అడుగుజాడ కనిపిస్తే నేను ఎర్ర లైటు కూడా ఆర్పి, గాలం చుట్టి వేరే చోటికి వెళ్తాను. సెల్‌ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీయబోయే వాళ్లను వద్దని బతిమాలతాను. చాలామంది వింటారు, తెలియక చేసేవాళ్లే ఎక్కువ.

ఇక హెడ్‌ల్యాంప్ లోపాలు. లైటును పైకీ కిందకీ వంచే కీలు ఏడాది దాటాక వదులైంది. నడుస్తుంటే దానంతటదే కిందికి వాలిపోతుంది. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత ఉప్పుకి, ఎండకి బిగుసుకుపోయి సరిగా మూసుకోవడం లేదు. సముద్రం దగ్గర వాడేదానికి ఇది నిజంగా పెద్ద లోపం. బ్యాటరీ ఎంత ఉందో చూపే ఆకుపచ్చ చుక్క అవసరానికి మించి వెలుగుతుంది, దాని మీద నల్ల టేపు ముక్క అంటించాను. మరొకటి, సంచీలో దానంతటదే వెలగకుండా మీటను బిగించే లాక్ ఉంది గానీ, దాన్ని తీయగానే తెల్లది ఒకసారి మెరుస్తుంది. ఎంత మంచి ఆలోచనతో వేరే మీట పెట్టారో, ఇక్కడ అంత అజాగ్రత్త చేశారు. లాక్‌ను నేను ఇంటి దగ్గరే తీసేసి బయలుదేరతాను.

చెయ్యి ఊపితే వెలిగే సెన్సర్ ఉన్నవి కూడా అమ్ముతున్నారు. ఒక మిత్రుడి దాంట్లో చూశాను. గాలం విసిరినప్పుడల్లా, ముఖం తుడుచుకున్నప్పుడల్లా వెలుగుతుంది. రాత్రి వేటకు అది కొనకండి.

నిర్వహణ పెద్ద పని కాదు. ఇంటికి రాగానే తడిగుడ్డతో ఉప్పు తుడవాలి, పట్టీ విప్పి మంచినీళ్లలో ఉతకాలి, చార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరాకే తీగ పెట్టాలి. తడి ఉండగా కరెంటు పెడితే లోపలి పిన్నులు పచ్చగా చిలుం పడతాయి. పట్టీని ఉతక్కపోతే రెండు వారాలకే అట్టలా బిగుసుకుంటుంది.

దీనికి తోడుగా రాడ్ కొనకు చిన్న లైటు పెట్టుకుంటే హెడ్‌ల్యాంప్ వేసే అవసరమే సగం తగ్గుతుంది. చేప తగిలి కొన కదిలిందా అని చూడడానికే కదా మాటిమాటికీ తలెత్తి లైటు కొట్టేది. విరిచి వెలిగించే రసాయనపు పుల్లలు చవక, కానీ ఒక రాత్రితో సరి, వాడేశాక ఇసుకలో పడేసి వెళ్లిపోతున్నారు. సీఆర్425 అనే పుల్లలాంటి చిన్న బ్యాటరీతో వెలిగే కొన లైట్లు నాకు నచ్చాయి. చాలా రాత్రులు వస్తాయి, వాడేసిన బ్యాటరీ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయవచ్చు. చేప లాగితే మోగేలా రాడ్ కొనకు గంట కట్టుకునేవాళ్లకు అదీ అక్కర్లేదు, అయితే గాలి గట్టిగా ఉన్న రాత్రి గంటను నమ్మలేం.

కొనదలిస్తే షాపులోనే బయటికి తీయించి, అరచేతితో కప్పి మీట నొక్కి చూడండి. మొదటి నొక్కుకి ఎర్రది రావాలి, రెండో నొక్కుకి ఆరాలి. తెల్లదాని కనిష్ఠ స్థాయి పుస్తకం చదవడానికి సరిపోతే చాలు, గరిష్ఠం 200 ల్యూమెన్లున్నా రాళ్లు దిగడానికి ఎక్కువే. ఇసుక తీరంలో మాత్రమే వేసేవాళ్లకు ఐపీఎక్స్4 పర్వాలేదు. రాళ్ల మీద, అల తాకే చోట నిలబడేవాళ్లు ఐపీఎక్స్7 ఉన్నది తీసుకోండి, అది మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుంది. దాంతో పాటు జేబులో ఇంకో చిన్న టార్చి ఉంచుకోండి, తిరిగి పైకి ఎక్కడానికి.