ఎయిర్‌బ్యాగ్ ఉండవలసిన చోట తుడుపు గుడ్డ: అయినవారు పోయిన బండిని బాగుచేయించేవారికి హెచ్చరిక

డబ్బు వ్యవహారం ఇంకా తేలలేదు కనుక ఆ గ్యారేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. పాత బండ్లకు పునర్జన్మ ప్రసాదిస్తానంటూ వీడియోల్లో తేనె పూసిన గొంతుతో మాట్లాడే ఆ పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి చెప్పకుండానే తెలిసిపోతుంది. తెలిసినవారు తెలియనివారికి చెప్పండి. అయినవారు ఏ బండిలో కన్నుమూశారో ఆ బండినే బాగుచేయించుకుని ఇంట్లో ఉంచుకోవాలని అనుకుంటున్నవారు మాత్రం ఆయన చేతికి తాళాలు ఇవ్వక ముందే ఇది చివరిదాకా చదవాలని కోరుతున్నాను.

నేపథ్యం రెండు ముక్కల్లో చెబుతాను. కారు నడుపుతుండగానే మా అన్నయ్యకు గుండె ఆగిపోయింది. బండి అదుపు తప్పి రోడ్డు పక్కనున్న చెట్టును గుద్దుకుని ఆగింది. ఢీకొనక ముందే ప్రాణం పోయిందని వైద్యులు చెప్పారు. అంటే ఆ బండి ఆయన్ని చంపలేదు. బెల్టు బిగుసుకుంది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి, తాను చేయవలసినదంతా అది చేసింది. అందుకే తుక్కు కింద అమ్మేయమని నలుగురూ చెప్పినా వదిన ఒప్పుకోలేదు, డ్రైవింగ్ నేర్చుకుంటే నాన్న బండిలోనే నేర్చుకుంటానని అన్నయ్య కూతురు పట్టుబట్టింది, బాగుచేయించే బాధ్యత నా మీద పడింది.

బండి అప్పగించేటప్పుడు నేను చెప్పవలసినది స్పష్టంగానే చెప్పాను. రంగు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ ఇది చిన్నపిల్ల నడపబోయే బండి కనుక ఎయిర్‌బ్యాగులు, ముందు సీట్ల బెల్టులు, వాటిని నడిపించే కంట్రోల్ యూనిట్ అన్నీ కంపెనీవే కొత్తవి వేయాలని, ముందు సీట్ల స్పాంజి, కార్పెట్, దాని కింద ఉండే ఫెల్ట్ పూర్తిగా మార్చాలని, తీసేసిన పాత సామాను ఏదీ పారేయకుండా పెట్టెలో పెట్టి మాకే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. ఆయన తల ఊపుతూ అంతా విని, వదిన కళ్ళలో నీళ్ళు తిరిగేంత చక్కగా మాట్లాడాడు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ తుపాకి గుండ్లకు బలైన లింకన్ కారునే బాగుచేసి మరుసటి ఏడాది మళ్ళీ అధ్యక్షుడి వాడుకలోకి తెచ్చారని, అది 1977 దాకా నడిచిందని, అలాంటప్పుడు మీ బండిని మాత్రం ఎందుకు వదులుకోవాలని అడిగాడు. ఆ మాట నిజమే. మేము ఆ గ్యారేజీలో విన్న నిజమైన మాట బహుశా అదొక్కటే.

చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయాక బండి వచ్చింది. పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు. అద్దంలా మెరుస్తోంది, లోపల అత్తరు వాసన గుప్పుమంటోంది. ఇంజిన్ ఆన్ చేయగానే మీటర్లలో ఎర్రటి ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోయింది. సక్రమంగా ఉన్న బండిలో అలాగే జరగాలి. దానికి తోడు బండి కంప్యూటర్లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టి తీసిన చీటీ ఒకటి నా చేతిలో పెట్టి, ఒక్క లోపం కూడా లేదు చూసుకోండి అన్నాడు. చూసుకున్నాను, సంతోషించాను, దాదాపు మొత్తం సొమ్ము చేతికిచ్చి వచ్చాను. ఆ చీటీకి ఫ్రేము కట్టించలేదు, అంతే తక్కువ.

డ్రైవరు వైపు బెల్టు లాగితే వస్తోంది గానీ వదిలితే లోపలికి సరిగా చుట్టుకోవడం లేదన్న చిన్న ఫిర్యాదుతో వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళడం వల్లనే అసలు సంగతి బయటపడింది. ఆయన వయసు మళ్ళిన మనిషి, మాట తక్కువ. బెల్టు అడుగు భాగంలో కుట్టి ఉన్న చీటీ చూసి, ఇది కొత్తది కాదు బాబూ, బండితో పాటు వచ్చిన బెల్టే అన్నాడు. ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టును వెనక్కి గుంజి మనిషిని సీటుకు అదిమిపట్టే ప్రీటెన్షనర్‌లో చిన్న మందుగుండు ఉంటుంది. అది ఒక్కసారే పేలుతుంది, పేలిన తరువాత ఆ భాగం మొత్తం మార్చవలసిందే. మాది అన్నయ్య ప్రమాదంలోనే పేలిపోయింది. దానికి తడి గుడ్డ పెట్టి తుడిచి, కొత్త బెల్టుకు బిల్లు వేశారు.

అది చూసిన తరువాత స్టీరింగ్ మధ్యలో ఉన్న మూత కూడా విప్పమని నేనే అడిగాను. ఆయన ముందు బ్యాటరీ తీగ తీసేసి, కాసేపు ఆగి, ఆ తరువాత నెమ్మదిగా మూత ఊడదీశాడు. లోపల ఎయిర్‌బ్యాగ్ లేదు. మూత లోపలికి కుంగిపోకుండా గ్యారేజీల్లో గ్రీజు చేతులు తుడుచుకునే పాత గుడ్డను ఉండగా చుట్టి కుక్కారు. ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్ళవలసిన తీగల కొసన, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదైన రెసిస్టర్ ఒకటి టంకం వేసి అతికించి ఉంది.

ఆ గింజంత వస్తువు చేసే పని ఏమిటో అందరూ తెలుసుకోవాలి, ఎందుకంటే మోసమంతా అందులోనే ఉంది. కంట్రోల్ యూనిట్ బండి ఆన్ చేసిన ప్రతిసారీ ఎయిర్‌బ్యాగ్ తీగల్లో విద్యుత్ నిరోధం ఎంత ఉందో కొలిచి చూసుకుంటుంది. సాధారణంగా అది 2 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అంతే నిరోధం ఉన్న రెసిస్టర్‌ను ఎయిర్‌బ్యాగ్ స్థానంలో తగిలిస్తే, తన చివర అసలు ఎయిర్‌బ్యాగే ఉందని యూనిట్ నమ్ముతుంది, ఎర్ర దీపాన్ని ఆర్పేస్తుంది, స్కానర్‌కు కూడా ఏ లోపమూ లేదనే చెబుతుంది. నిజంగా ఢీకొన్న రోజున మాత్రం సుమారు 30 నుంచి 50 మిల్లీసెకన్లలో, అంటే కనురెప్ప వేసే లోపల, ఉబ్బి ముఖానికి అడ్డు పడవలసిన సంచి బదులు అక్కడ ఒక తుడుపు గుడ్డ ఉంటుంది. ఇది తెలియక జరిగే పొరపాటు కాదు. తీగకు టంకం వేసినవాడికి తాను ఏం చేస్తున్నాడో పూర్తిగా తెలుసు.

నేను ఆ గుడ్డను, రెసిస్టర్‌ను ఒక కవరులో వేసుకుని నేరుగా గ్యారేజీకి వెళ్ళాను. ఖంగారు పడతాడని, కుర్రవాళ్ళ మీదకు తోసేస్తాడని, కనీసం తెలియదని బుకాయిస్తాడని అనుకున్నాను. అవేవీ చేయలేదు. కవరులోకి తొంగి చూసి, కుర్చీలో వెనక్కి వాలి, పిల్లవాడికి లెక్కలు నేర్పే ఓపికతో ఇలా అన్నాడు: "సార్, మీరు దీన్ని నిజంగా నడుపుతారా ఏమిటి? పోయిన మనిషి బండి. కడుక్కుని, తుడుచుకుని, చూసుకోవడానికే కదా. చూసుకునే బండికి ఎయిర్‌బ్యాగ్ ఎందుకండీ?"

నాకు కొంతసేపు మాట రాలేదు. పిల్ల నడపబోతోందని మొదటి రోజే చెప్పాను కదా అని అడిగితే, అందరూ అలాగే అంటారు సార్, తరువాత ఒక్కరు కూడా ఆ సీట్లో కూర్చోరు, నేను ఇలాంటివి చాలా చూశాను అన్నాడు. మరి అవసరం లేనిదానికి బిల్లు ఎందుకు వేశారని అడిగితే, అది వేరే లెక్క అన్నాడు. ఏ లెక్కో చెప్పమని గొంతు పెంచేసరికి, లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఇంకా ఆ బాధలోనే ఉన్నారు సార్. ఇంటికి వెళ్ళి కాస్త పడుకోండి, మనసు కుదుటపడ్డాక మాట్లాడుకుందాం" అన్నాడు. అక్కడ పనిచేసే కుర్రవాళ్ళందరూ చేతిలో పని ఆపి నా వైపు జాలిగా చూశారు. మోసపోయినవాడిని నేను, మతి చలించినవాడిని కూడా నేనే అయ్యాను. గుడ్డ కుక్కినందుకు కాదు, డబ్బు తిన్నందుకు కూడా కాదు, ఆ చెయ్యి నా భుజం మీద వేసినందుకు ఆయన్ని నేను క్షమించలేను. అన్నయ్య చావును నా నోరు మూయించడానికి వాడుకున్నాడు.

ఆయన చెప్పిన కెనెడీ కారు గురించి ఇంటికి వచ్చాక చదివాను. హత్య తరువాత ఆ కారును విప్పి తిరిగి కట్టినప్పుడు అంతకు ముందు లేని కవచపు పలకలు, గుండ్లకు ఓర్చుకునే అద్దాలు, తీయడానికి వీల్లేని గట్టి పైకప్పు దానికి అమర్చారు. మనిషి పోయిన బండిలో మళ్ళీ మనిషిని కూర్చోబెట్టాలంటే ఉన్న రక్షణకు మరింత చేర్చాలని వాళ్ళు అనుకున్నారు. మా గ్యారేజీవాడు ఉన్నదాన్ని కూడా పీకేసి గుడ్డ పెట్టాడు. పోనీ ఆయన వాదించినట్టు అది చూసుకోవడానికే అనుకుందాం. 1914లో సారయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ దంపతులను కాల్చి చంపినప్పుడు వాళ్ళు ప్రయాణిస్తున్న కారు ఇప్పటికీ వియన్నాలోని సైనిక చరిత్ర మ్యూజియంలో ఉంది. దానికి తగిలిన గుండు రంధ్రాన్ని ఎవరూ పుట్టీ పెట్టి పూడ్చలేదు. చూసుకోవడానికి అయితే ఉన్నది ఉన్నట్టు ఉంచాలి, నడపడానికి అయితే అన్నీ సక్రమంగా బిగించాలి. ఈయన ఆ రెండూ చేయకుండా, రెండింటికీ డబ్బు తీసుకున్నాడు.

మిగిలిన ఘనకార్యాలు త్వరగా చెప్పేస్తాను. ఎడమ వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు పగిలిన డ్యాష్‌బోర్డ్‌ను మార్చకుండా పగుళ్ళకు జిగురు పూసి పైన రంగు కొట్టారు. చేత్తో తడిమితే ఎగుడుదిగుడు తెలుస్తుంది. దాని వెనక గుడ్డ కూడా లేదు, ఉత్త ఖాళీ. సీట్లకు కొత్త కవర్లు కుట్టారు గానీ కింద పాత స్పాంజే ఉంది. నాలుగు అద్దాలూ మూసి ఎండలో నిలిపితే అత్తరు వెనక నుంచి పాత వాసన లేచింది, ఇంతకన్నా దాని గురించి రాయలేను. ఓజోన్ యంత్రం పెట్టి శుద్ధి చేశామని బిల్లులో ఉంది. గాలిలో ఉన్న వాసనను ఓజోన్ తగ్గించగలదు గానీ స్పాంజిలోకి, ఫెల్ట్‌లోకి ఇంకిపోయిన దాన్ని తీయలేదు; ఎక్కువసేపు పెడితే రబ్బరు బీడింగులు కూడా పాడవుతాయి.

బానెట్ కింద, ముందు చక్రాల దగ్గర ఉండే పొడవాటి ఛాసిస్ పట్టీల సంగతి ఇంకా ఘోరం. ఢీకొన్నప్పుడు తాము నలిగి దెబ్బను మింగేలా వాటిని చేస్తారు, చాలా కార్లలో అధిక బలం గల ఉక్కుతో చేస్తారు. అవి వంగితే కంపెనీ చెప్పిన చోట కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి, లేదా మొత్తంగా మార్చాలి. ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేస్తే ఆకారం వస్తుంది గానీ ఆ ఉక్కుకు మునుపటి బలం ఉండదు. మా బండిలో కాల్చిన మచ్చలు, సుత్తి దెబ్బలు దట్టంగా పూసిన నల్లటి కోటింగ్ కింద దొరికాయి. పాత సామాను పెట్టె అడిగితే, పాడైనవి ఎవరు దాస్తారు సార్ అన్నారు. అన్నయ్య చేతులు ఆఖరిసారి ఆనిన స్టీరింగ్ కవరు కూడా ఆ పాడైన వాటిలో పోయింది.

దీని వెనకున్న లెక్క నాకు ఇప్పుడు బాగా అర్థమైంది. మామూలు కొనుగోలుదారుడు బండి చుట్టూ పదిసార్లు తిరుగుతాడు, తలుపు వేసి తీసి చూస్తాడు, కింద పడుకుని టార్చి వేస్తాడు. మనవాళ్ళు పోయిన బండి అయితే మనం డ్రైవరు సీటు వైపు నేరుగా చూడలేము, బిల్లులో ప్రతి వరుసనూ నిలదీయడం నీచంగా అనిపిస్తుంది, బేరమాడటానికి నోరు రాదు. ఆ తలదించుకోవడం మీదే ఆయన వ్యాపారం నడుస్తోంది. "ప్రత్యేక శ్రద్ధ" అని బిల్లులో ఒక వరుస విడిగా ఉందండి, దానికి విడిగా డబ్బు కూడా పుచ్చుకున్నారు. మేము కళ్ళు తుడుచుకుంటున్నంతసేపూ ఆయన మా కళ్ళ గురించే లెక్క వేసుకుంటున్నాడు: వీళ్ళు చూడరు అని.

ఇక సలహా అంటారా, బండి తీసుకునేటప్పుడు మీతో పాటు పోయిన మనిషితో ఏ అనుబంధమూ లేని ఒకరిని, చేతిలో టార్చితో తీసుకువెళ్ళండి. దీపం ఆరిపోయింది, స్కానర్ బాగుందంది అన్న మాటలను లెక్కలోకి తీసుకోకండి. కొత్త ఎయిర్‌బ్యాగ్ మీద, బెల్టు మీద నంబరు, తయారీ తేదీ ఉన్న చీటీలు ఉంటాయి. బిగించక ముందు, బిగించేటప్పుడు వాటి ఫొటోలు పంపమని ముందే రాయించుకోండి, ఆ నంబర్లు బిల్లులో కూడా ఉండాలని అడగండి. రంగు మందం కొలిచే చిన్న పరికరం దొరికితే వాడండి: కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, అది అనేక వందలకు ఎగబాకి వెయ్యి దాకా చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే. తీసేసిన పాత సామాను తిరిగి వచ్చేదాకా మిగిలిన సొమ్ము ఇవ్వకండి.

ఇప్పటికే ఆయన దగ్గర బాగుచేయించుకున్న బండి మీ ఇంట్లో ఉంటే ఇంకెవరినీ అందులో కూర్చోనివ్వకుండా ముందు స్టీరింగ్ మూత తెరిపించండి. మీరు స్వయంగా మాత్రం విప్పకండి. ఒకవేళ లోపల నిజమైన ఎయిర్‌బ్యాగ్ ఉంటే, బ్యాటరీ తీసేసిన తరువాత కూడా కాసేపటి వరకు కంట్రోల్ యూనిట్‌లో దాన్ని పేల్చగలిగినంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. పని తెలిసినవారి చేత తీయించి, లోపల ఏం కనిపించినా కదల్చక ముందే ఫొటో తీయండి. ఫిర్యాదు రాస్తున్నాను, అలాంటి ఫొటోలు మరికొన్ని జతచేయగలిగితే నా భుజం మీద వేసిన చెయ్యి ఆయన మరొకరి మీద వేయడం కష్టమవుతుంది.