మైక్రోటిక్ హెక్స్: రెండు లైన్లున్నా బిల్లింగ్ ఎందుకు ఆగుతుంది?

కర్నూల్లో హెడ్డాఫీసు, కడపలోనో అనంతపురంలోనో బ్రాంచి, రెండు చోట్లా రెండేసి ఇంటర్నెట్ లైన్లు. ఈపాటి పనికి మైక్రోటిక్ కంపెనీ చిన్న రౌటర్ హెక్స్ (ఆర్‌బీ750జీఆర్3) చాలు. ఐదు గిగాబిట్ పోర్టులు, 256 ఎంబీ ర్యామ్, ఐపీసెక్‌కు (ఆఫీసుల మధ్య డేటాను రహస్యంగా పంపే పద్ధతి) హార్డ్‌వేర్ సాయం ఉన్నాయి. వైఫై లేదు, ఫైబర్ మాడ్యూల్ పెట్టే ఎస్‌ఎఫ్‌పీ పోర్టు లేదు. వేగానికి వంక పెట్టలేం. తలనొప్పంతా సెట్టింగుల్లోనే.

రూటు సెట్టింగుల్లోని చెక్ గేట్‌వేలో పింగ్ పెడితే రౌటర్ 10 సెకన్లకోసారి గేట్‌వేను (బయటికి వెళ్లే దారిలో మొదటి పరికరం) పలకరిస్తుంది. రెండుసార్లు జవాబు రాకపోతే ఆ రూటును పక్కన పెడుతుంది. కానీ చాలా షాపుల్లో ఆ గేట్‌వే గోడకున్న ఫైబర్ మోడెమే. నంద్యాల రోడ్డులో జేసీబీ ఫైబర్ తెంపినా మోడెం మాత్రం నిక్షేపంగా పలుకుతుంది. రూటు యాక్టివ్‌గానే కనిపిస్తుంది, కౌంటర్ దగ్గర బిల్లు కదలదు. దీనికి మందు రికర్సివ్ రూట్, అంటే మోడెంను కాకుండా దాని అవతల ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రస్‌ను చెక్ చేసే రూటు. గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8కు మొదటి గేట్‌వే మీదుగా స్కోప్ 10తో ఒక రూటు వేయాలి. డిఫాల్ట్ రూటుకు (మిగతా ట్రాఫిక్ అంతా వెళ్లే దారి) 8.8.8.8నే గేట్‌వేగా ఇచ్చి, టార్గెట్ స్కోప్ 11, డిస్టెన్స్ 1, చెక్ పింగ్ పెట్టాలి. రెండో లైను డిస్టెన్స్ 2; తక్కువ అంకె ఉన్న రూటునే రౌటర్ ముందు వాడుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 8.8.8.8ను మొదటి లైనుకు కట్టేశాం కదా, కంప్యూటర్లలో డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) కూడా అదే ఉంటే? మొదటి లైను పోగానే రూటు చక్కగా రెండో దానికి మారుతుంది, పేర్లు మాత్రం తెరుచుకోవు. ఐపీకి పింగ్ వెళ్తుంది, వెబ్‌సైట్ రాదు. చెక్‌కు ఒక అడ్రస్, డీఎన్ఎస్‌కు వేరే అడ్రస్ వాడితే ఈ గొడవ ఉండదు.

లైను మారాక ఐపీ ఫోన్లు (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు) మూగబోతే కనెక్షన్ ట్రాకింగ్, అంటే నడుస్తున్న కనెక్షన్ల పట్టిక చూడండి. ఇంటర్‌ఫేస్ డౌన్ కాకుండా రూటు ఒక్కటే మారితే, పాత లైను ఐపీతో నాట్ అయిన (లోపలి అడ్రస్ బదులు ఆ లైను అడ్రస్ పెట్టిన) ఎంట్రీలు అలాగే మిగిలిపోతాయి. ఫోన్ మళ్లీ మళ్లీ రిజిస్టర్‌కు ప్రయత్నిస్తూ ఆ ఎంట్రీని తనే చావనివ్వదు. ఒక అడ్రస్ పలుకుతోందా లేదా అని కనిపెట్టే నెట్‌వాచ్‌లో డౌన్, అప్ రెండింటికీ ఆ ఎంట్రీలను తీసేసే చిన్న స్క్రిప్ట్ పెడితే సరి.

మాంగిల్‌తో (ప్యాకెట్లకు గుర్తులు వేసే రూల్స్) ట్రాఫిక్‌ను రెండు లైన్లకూ పంచేవాళ్లు డిఫాల్ట్ ఫైర్‌వాల్‌లోని ఫాస్ట్‌ట్రాక్ (ప్యాకెట్లను అడ్డదారిలో వేగంగా పంపే) రూల్‌ను ఆపేయాలి. అది మాంగిల్‌ను దాటేసి పోతుంది. ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయని కేసుల్లో మొదట అనుమానించాల్సింది దాన్నే.

బ్రాంచి సాఫ్ట్‌వేర్ లాగిన్ అయి, పెద్ద రిపోర్ట్ దగ్గర ఆగిపోతే అది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు, బైట్లలో) సంగతి. పీపీపీఓఈ లైనులో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యేది) అది సాధారణంగా 1492. దాన్ని పరీక్షించడానికి డోంట్ ఫ్రాగ్మెంట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దు) పెట్టి పింగ్ చేసేటప్పుడు సైజు విండోస్‌లో 1464 ఇవ్వాలి, రౌటర్లో 1492 ఇవ్వాలి. విండోస్ 28 బైట్ల హెడర్లను లెక్కలోకి తీసుకోదు, రౌటర్ తీసుకుంటుంది. ఈ తేడా తెలియక లైను మీద నింద వేసేవాళ్లు కోకొల్లలు. రెండు ఆఫీసులను కలిపే టన్నెల్ మీద ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు తమలో తాము రూట్లు చెప్పుకునే పద్ధతి) నడుపుతూ రెండు చివర్లా ఎంటీయూ వేర్వేరుగా ఉంటే, నైబర్ (అవతలి రౌటర్) ఎక్స్‌స్టార్ట్ అనే మధ్య దశ దగ్గరే కూర్చుంటుంది.

హెక్స్‌కు అసలు మార్కులు టూల్స్‌కే. ట్రేస్‌రూట్ ఆగకుండా నడుస్తూ ఒక్కో హాప్ (దారిలోని రౌటర్) దగ్గర లాస్ (జవాబు రాని ప్యాకెట్లు) శాతం చూపిస్తుంది. అయితే నడుమ హాప్‌లో లాస్ ఉండి చివరి హాప్‌లో లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ పేజీలో లింక్ డౌన్స్ (పోర్టు కనెక్షన్ తెగిన సార్లు) లెక్క పెరుగుతుంటే రూటింగ్ జోలికి పోకుండా ముందు కేబుల్ మార్చండి.

లాగ్ మామూలుగా ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. మైక్రోఎస్డీ కార్డు వేసి డిస్క్ లాగింగ్ పెట్టండి. ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకునే ఎన్‌టీపీ కూడా ఆన్ చేయాలి, లేకపోతే రీబూట్ తర్వాత లాగ్‌లో టైమే తప్పు. “మా లైను బాగుందండీ, మీ రౌటరే చూసుకోండి” అనే కాల్ సెంటర్‌కు సరైన టైముతో ఉన్న ఆ లాగే జవాబు. పవర్ ఇన్‌పుట్ 8 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి, మోడెం కూడా 12 వోల్టులదైతే రెండు ఔట్‌పుట్లున్న చిన్న డీసీ యూపీఎస్ ఒక్కటే రెండింటికీ సరిపోతుంది.