అర్బన్ స్కెచర్స్‌లో ఏడేళ్లు: బొమ్మ పెట్టడం, మాట పడటం

అర్బన్ స్కెచర్స్‌లో నేను మొదటి బొమ్మ పెట్టింది 2018లో. అప్పటికి నా దగ్గర ఉన్న సరంజామా ఒక జెల్ పెన్నూ, మా అమ్మాయి స్కూల్లో వాడగా మిగిలిన డ్రాయింగ్ పుస్తకమూ. ఏడేళ్లు ఈ గుంపులో ఉన్నాను కాబట్టి ఇప్పుడు నాలుగు ముక్కలు రాయొచ్చనిపిస్తోంది.

తెలియనివాళ్ల కోసం: సియాటిల్‌లో పత్రికకు బొమ్మలు వేసే గాబ్రియెల్ కాంపనారియో 2007లో ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో మొదలుపెట్టిన, బొమ్మలు వేసేవాళ్ల గుంపు ఇది. ఇప్పుడు చాలా దేశాల్లో ఊరూరా శాఖలున్నాయి. మొత్తం ఎనిమిది సూత్రాలు. వాటిలో ముఖ్యమైనది మొదటిదే: ఎదురుగా కూర్చుని, కంటితో చూస్తూ వేయాలి. ఫొటో చూసి వేస్తే చెల్లదు. వేసింది ఆన్‌లైన్‌లో పంచుకోవాలన్నదీ సూత్రాల్లోనే ఉంది.

ఆ మొదటి సూత్రం దగ్గరే నేను దొరికిపోయాను. ఒక ఆదివారం బద్ధకించి, పాత ఫొటో ముందు పెట్టుకుని ఇంట్లోనే చార్మినార్ వేశాను. లాడ్ బజార్ వైపు నుంచి కనిపించే దృశ్యం. కింద దర్జాగా ‘ఈరోజు పొద్దున 8 గంటలకు’ అని రాసి పెట్టేశాను. డెబ్బై లైకులొచ్చాయి. సాయంత్రానికి కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు అడిగారు: “అటునుంచి చూస్తే పొద్దున పూట ఎండ ఎదురు కొడుతుంది కదండీ, చార్మినార్ నల్లగా కనపడాలి. మీకు తెల్లగా ఎలా మెరిసిందండీ?” తూర్పు పడమరలు కూడా చూసుకోకుండా అబద్ధమాడానన్నమాట! తప్పొప్పుకుని తీసేశాను. మరుసటి వారం నిజంగానే వెళ్లి, ఎండకు కళ్లు చికిలించుకుంటూ నల్లటి చార్మినార్‌నే వేశాను. దానికి వచ్చినవి పదకొండు లైకులు. మాస్టారు మాత్రం ఈసారి నా బొమ్మ మీదే ఎర్ర గీతలు గీసి పంపారు. కంటి మట్టానికి పైనున్న దుకాణాల రేకులు దూరం పోయేకొద్దీ కిందికి వాలాలి, నేను పైకి లేపేశాను. చేతిలో స్కేలు లేకపోయినా, పెన్ను అడ్డంగా పట్టుకుని కంటి మట్టం చూసుకోవడం ఆరోజే నేర్చుకున్నాను. ఇప్పటికీ ముందు చేసే పని అదే.

ఇలాంటి మాట పడాలంటే అదృష్టం ఉండాలి. నూటికి తొంభై కామెంట్లు ‘సూపర్ అండి’, ‘నైస్’, ఒక చప్పట్ల బొమ్మ. వాళ్లను తప్పుపట్టలేను, నేనూ అదే చేస్తాను. నిజం చెప్తే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని టెన్షన్. అందుకే ఇప్పుడు బొమ్మ కింద ఒక ప్రశ్న పెడుతున్నాను: ‘ఆకాశం మరీ బరువైందా?’, ‘ఎడమ పక్క ఆటో అవసరమా?’ అని. అలా అడిగితే జనం మొహమాటం లేకుండా మాట్లాడతారు. ఉత్తినే ‘అభిప్రాయం చెప్పండి’ అంటే మళ్లీ ‘సూపర్ అండి’ దగ్గరికే వస్తాం.

చిరాకులూ ఉన్నాయి. మేం బొమ్మలు పెట్టుకునే ఒక యాప్ (పేరెందుకు లెండి) పల్చటి రంగుల్ని మింగేస్తుంది. కాగితం మీద లేత పసుపు పూసిన గోడ, ఫోన్‌లో సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. రీల్ చేస్తే వేలమంది చూస్తారు, బొమ్మ మాత్రమే పెడితే పలకరించే దిక్కుండదు. ఇంకోటి, నా ఇరానీ హోటల్ బొమ్మ ఒక టిఫిన్ సెంటర్ మెనూ కార్డు మీద ప్రత్యక్షమైంది, సంతకం ఉన్న మూల కత్తిరించి మరీ! అక్కడ ఇడ్లీ బాగుంటుంది, అది వేరే సంగతి. అప్పటినుంచి చిన్న సైజు ఫైలే పెడుతున్నాను, సంతకం మూలన కాకుండా బొమ్మలోని దుకాణం బోర్డు మీద వేస్తున్నాను.

కొత్తగా చేరేవాళ్లు ఖరీదైన రంగులు కొనకండి. తడిస్తే చెదరని ఇంకు పెన్ను ఒకటీ, 300 జీఎస్ఎం మందపాటి కాగితం కొంచెమూ ఉంటే ఏడాది గడుస్తుంది. మడత స్టూల్ మాత్రం తప్పనిసరి. పోయిన నెల సికింద్రాబాద్ మోండా మార్కెట్లో అది మర్చిపోయి వెళ్తే, ఉల్లిపాయల ఆవిడ బస్తా జరిపి చోటిచ్చింది. గంటసేపు వేశాక తొంగిచూసి, “నా తక్కెడ ఏదయ్యా?” అంది. నిజమే, వేయలేదు.