ఉబుంటులో హెచ్‌పీ లేజర్‌జెట్ 1020: పాతదే, కానీ పారేయక్కర్లేదు

కంప్యూటర్‌లో విండోస్ వదిలి ఉబుంటు లినక్స్‌కు మారగానే ఈ ప్రింటర్ మూగబోతే, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డుకు పట్టుకెళ్లి అయినకాడికి అమ్మేయకండి. చిక్కంతా ఫర్మ్‌వేర్‌తోనే, అంటే ప్రింటర్‌ను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌తోనే. 1020 దాన్ని తనలో దాచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే యూఎస్‌బీ ద్వారా పంపాలి. అది అందకపోతే ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది, ‘పూర్తయింది’ అనీ చూపించవచ్చు, కాగితం మాత్రం కదలదు.

ముందు లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లను నడిపే హెచ్‌పీలిప్ (hplip) ప్యాకేజీ వేసి, టెర్మినల్‌లో ‘హెచ్‌పీ-సెటప్ -ఐ’ (hp-setup -i) ఆదేశం నడపండి. మధ్యలో ప్లగిన్ కావాలా అని అడుగుతుంది. చాలామంది వద్దనేది ఇక్కడే. ఆ ఫర్మ్‌వేర్ వచ్చేది దాంతోనే. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. అందుకే ఉబుంటు అప్‌గ్రేడ్ అయ్యాక ప్రింటింగ్ మళ్లీ ఆగితే ‘హెచ్‌పీ-ప్లగిన్ -ఐ’ (hp-plugin -i) ఇంకోసారి నడపాలి. ఇలాంటి ప్రింటర్లకే వాడే మరో డ్రైవర్ ఫూ2జెడ్‌జేఎస్ (foo2zjs) కూడా ఉంటే తీసేయండి, రెండూ కొట్టుకుంటాయి. తర్వాత ప్రింటర్ స్విచ్ ఆపి, మళ్లీ వేయండి. కాసేపటికి లోపల మోటార్ గుర్రుమంటే ఫర్మ్‌వేర్ చేరినట్టే.

వైఫై లేదు, రంగులు లేవు, రెండో వైపు కాగితం మీరే తిప్పాలి. అక్షరాలు మాత్రం ఇప్పటికీ స్పష్టంగా వస్తాయి. 12ఎ టోనర్‌కు బెంగళూరులో రీఫిల్ సులువుగా దొరుకుతుంది. నెలకు వంద పేజీలు తీసే ఇంటికి కొత్త ఇంక్‌జెట్ కంటే ఇదే నయం.