రెండు అడ్వెంచర్ బైకులు పోల్చి కొనేవాళ్లకు హెచ్చరిక: డెమో బండిని చూసి సంతకం పెట్టకండి

మిడ్‌సైజ్ అడ్వెంచర్ టూరర్ (దూర ప్రయాణాలకీ, మట్టిరోడ్లకీ పనికొచ్చే బైకు) కొనాలని రెండు బళ్ల మధ్య ఊగిసలాడుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. షోరూమ్‌లో మీరు నడిపి చూసే డెమో బండి, చివరికి మీ చేతికొచ్చే బండి ఒకటే కాకపోవచ్చు. మోడల్ ఒకటే, రంగూ ఒకటే. ఎత్తు వేరు, సీటు వేరు, విండ్‌స్క్రీన్ వేరు. నా విషయంలో జరిగింది ఇదే. అది చాలదన్నట్టు, దానికి పోటీగా నేను చూస్తున్న రెండో బండిని అధ్వాన్నంగా ఉంచి నడపమన్నారు. తక్కెడ పళ్లెం కింద మైనం అంటించి తూచితే ఎటు మొగ్గుతుందో మన నిర్ణయమూ అటే మొగ్గుతుంది.

బళ్ల పేర్లు కావాలనే రాయడం లేదు. తప్పు బళ్లది కాదు, అమ్మినవాళ్లది. రెండూ రెండు సిలిండర్ల ఇంజిన్లే, రెండూ పెట్రోలు పోస్తే 200 కిలోలు దాటేవే. ఒకదానికి ముందు 21 అంగుళాల స్పోక్ చక్రం, రెండోదానికి 19 అంగుళాల అల్లాయ్. రెండు కంపెనీల బళ్లూ ఒకే డీలర్ దగ్గర దొరకడంతో ఒక్కరోజే రెండూ నడిపి చూడొచ్చని సంబరపడ్డాను. అసలు తిరకాసు అక్కడే ఉంది. రెండూ అమ్మే డీలరుకి ఆ నెలలో ఏ బండి వదిలించుకోవాలో ముందే తెలిసి ఉంటుంది.

ముందు 21 అంగుళాల బండి ఇచ్చారు. బ్రోచర్‌లో సీటు ఎత్తు చూసి నాకు కాలు అందదేమోనని అప్పటికే భయం. ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ దాదాపు పూర్తిగా ఆనాయి. "కాగితం మీద అలాగే ఉంటుంది సార్, మనిషి కూర్చుంటే సస్పెన్షన్ దిగుతుంది కదా" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఇందులో సగం నిజమే. మనిషి బరువుకి సస్పెన్షన్ తాను కిందికీ పైకీ కదలగలిగే మొత్తం దూరంలో సుమారు మూడో వంతు దిగాలి, అలా దిగేలాగే సెట్ చేస్తారు. కానీ ఒక్క సంగతి మాత్రం కంట్లో నలుసులా ఉండిపోయింది. సైడ్ స్టాండ్ వేస్తే బండి పక్కకి వాలడం లేదు, దాదాపు నిటారుగా నిలబడుతోంది. అడిగితే నేల వాటం అన్నాడు.

తర్వాత 19 అంగుళాల బండి. చిన్న గతుకు వచ్చినా వెనక నుంచి తన్నినట్టు ఎగిరేస్తోంది. నెమ్మదిగా వెళ్తుంటే హ్యాండిల్ బరువు, మలుపులో బండి మాట వినడం లేదు. "ఈ మోడల్ ఇంతే సార్, పాత డిజైన్ కదా" అని తీర్పిచ్చేశాడు. ఎవరైనా మొదటి బండికే డబ్బు కడతారు. కట్టాను.

డెలివరీ రోజు నా బండి ఎక్కితే మునివేళ్లు మాత్రమే నేలకి తగిలాయి. సైడ్ స్టాండ్ వేస్తే చక్కగా, వాలాల్సినంత వాలింది. సర్వీసు వైపు పనిచేసే మెకానిక్‌ని పక్కకి పిలిచి అడిగితే గుట్టు ఆయనే చెప్పాడు. డెమో బండికి లోయరింగ్ లింక్, అంటే వెనక భాగాన్ని కిందికి దించే కిట్ వేశారట. దాంతోపాటు విడిగా కొనే లో సీటు, పొడుగు విండ్‌స్క్రీన్. ఇవేవీ స్టాండర్డ్ బండితో రావు. ఈ మాట టెస్ట్ రైడ్‌కి ముందు ఎవరూ చెప్పలేదు. కాగితం తెచ్చి నిలదీస్తే మేనేజర్ జవాబు: "డెమోకి యాక్సెసరీలు ఉండటం మామూలే. మీ ఆర్డర్ ఫారంలో స్టాండర్డ్ అనే ఉంది కదా." కావాలంటే అదే కిట్ నా ఖర్చుతో బిగిస్తామని ఉదారంగా ఒక ఆఫర్ కూడా ఇచ్చారు.

ఆ కిట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎత్తు తక్కువ ఉన్నవాళ్లందరికీ షోరూముల్లో ఇదే మందు రాసిస్తారు. వెనక షాక్ అబ్జార్బర్‌కీ, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య లింకేజీ ఉన్న బళ్లలో రెండు చిన్న లోహపు పట్టీలు ఉంటాయి. డాగ్‌బోన్స్ అంటారు. వాటి బదులు కొంచెం వేరే కొలతవి వేస్తే వెనక భాగం 20 నుంచి 30 మి.మీ. దాకా కిందికి దిగుతుంది. కాలు అందుతుంది, నిజమే. కానీ వెనక ఒక్కటే దించి ముందు అలాగే వదిలేస్తే బండి ముక్కు పైకి లేస్తుంది. హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వాలు పెరిగి స్టీరింగ్ మందకొడిగా తయారవుతుంది. అందుకే ముందు ఫోర్క్ గొట్టాలని కూడా క్లాంపుల్లోంచి కాస్త పైకి జరిపి సరిచేయాలి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ ఎలాగూ తగ్గుతుంది. మట్టిరోడ్డు మీద వెళ్దామని కొన్న బండికి మనమే చేజేతులా అది తగ్గించుకుంటున్నాం. సైడ్ స్టాండ్ కూడా పొట్టిది వేయాలి, లేకపోతే బండి నిటారుగా నిలబడి గట్టిగా గాలి వీస్తే స్టాండ్ లేని వైపుకి పడిపోతుంది. డెమో బండికి వాళ్లు స్టాండ్ మార్చలేదు కాబట్టే నాకు అనుమానం వచ్చింది. వెనక ఒక మనిషి, సామాను ఎక్కి పెద్ద గుంతలో పడితే టైరు మడ్‌గార్డ్ లోపలివైపు రాసుకునే ప్రమాదమూ ఉంది. వారంటీ ఏమవుతుందని అడిగితే "ఏం కాదులెండి" అన్నారు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే మాత్రం నీళ్లు నమిలారు.

లో సీటు వీటన్నిటికన్నా మేలు, సస్పెన్షన్ జోలికి పోదు. అయితే ఫోమ్ పలచనవుతుంది, దూర ప్రయాణంలో నడుము ఊరుకోదు. ఇంకో మాట, బ్రోచర్‌లో సీటు ఎత్తు ఒక్కటే చూసి లాభం లేదు. సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు ఎడంగా జరిగి అదే ఎత్తులో కూడా కాలు అందదు. సన్నగా ఉంటే ఎత్తైన బండి కూడా లొంగుతుంది.

రెండో దెబ్బ టైర్ల దగ్గర తగిలింది. స్పోక్ చక్రాలు కదా, ట్యూబ్ ఉంటుందా అని ముందే అడిగాను. సేల్స్ కుర్రాడు వంగి టైరు పక్కన అచ్చువేసిన ట్యూబ్‌లెస్ అనే మాట చూపించాడు. చూపించింది అబద్ధం కాదు, అర్థం మాత్రం అది కాదు. ఆ మాట టైరు గురించి చెబుతుంది, రిమ్ గురించి కాదు. ట్యూబ్‌లెస్ టైరునే లోపల ట్యూబ్ పెట్టి వాడటం స్పోక్ చక్రాల్లో మామూలే. చూడాల్సింది రిమ్‌ని. స్పోకులు రిమ్ మధ్యభాగంలోకి గుచ్చుకుని ఉంటే గాలి ఆ రంధ్రాల్లోంచి పోతుంది కాబట్టి సాధారణంగా లోపల ట్యూబ్ ఉంటుంది. స్పోకులు రిమ్ అంచులకి బిగించి ఉంటే అది ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రం. మధ్యలో గుచ్చినా లోపల సీల్ చేసిన రకాలూ ఉన్నాయి, కాబట్టి ఓనర్స్ మాన్యువల్ తెరిచి చూపించమని అడగండి. నా బండిలో ట్యూబులే ఉన్నాయి. తేడా ఏమిటంటారా? ట్యూబ్‌లెస్ పంక్చరైతే మేకు పీకి ప్లగ్ గుచ్చి గాలి కొట్టి పోవచ్చు. ట్యూబ్ అయితే చక్రం విప్పాలి, టైరు అంచు విడదీయాలి, ట్యూబ్ బయటికి లాగాలి. సెంటర్ స్టాండ్ లేని బండికి వెనక చక్రం నడిరోడ్డు మీద విప్పడం ఎంత నరకమో పడ్డవాళ్లకి తెలుసు.

అదే టైరు మీద ఇంకోటి కూడా చూశాను. డాట్ అనే అక్షరాల తర్వాత వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. 3223 అని ఉంటే 2023లో 32వ వారంలో తయారైందన్నమాట. నా కొత్త బండి టైర్లు అంత కొత్తవేమీ కావు. ఈ బండినే ఎందుకంత ఇదిగా అంటగట్టారో అప్పుడు అర్థమైంది. గోడౌన్లో మూలుగుతున్న పాత స్టాకు. ఫ్రేమ్ మీద తయారీ ప్లేటు కూడా అదే చెప్పింది.

ఆ తర్వాత తెలిసినవాళ్ల దగ్గర ఉన్న 19 అంగుళాల బండి నడిపాను, షోరూమ్‌లో పాత డిజైన్ అని తీసిపారేసిన మోడలే. గతుకుల్లో తన్నడం లేదు, మలుపుల్లో వెన్నలా పోతోంది. డెమో బండికి ఏం చేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. వెనక ప్రీలోడ్, అంటే సస్పెన్షన్ స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలో తిప్పి పెట్టే సెట్టింగ్, పూర్తిగా బిగించి ఉంటే ఒంటరిగా నడిపేవాడిని అది ఎగిరేస్తుంది. ముందు టైరులో గాలి తక్కువుంటే హ్యాండిల్ బరువెక్కుతుంది. కావాలనే చేశారో, ముందురోజు ఎవరో ఇద్దరెక్కి తిప్పి అలాగే వదిలేశారో నేను రుజువు చేయలేను. కానీ రెండు బళ్లలో ఒకదానికి సోకులన్నీ చేసి, రెండోదానికి గాలి కూడా చూడకపోవడం యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

నా అభిప్రాయం అడిగితే, ఎక్కువగా తారురోడ్డు మీద, వెనక మనిషితో, సామానుతో తిరిగేవాళ్లకి 19 అంగుళాల ట్యూబ్‌లెస్ చక్రమున్న బండే సుఖం. 21 అంగుళాల చక్రం రాళ్లమీద, ఇసుకలో అద్భుతంగా ఎక్కి దిగుతుంది, తారు మలుపుల్లో కాస్త బద్ధకిస్తుంది. ఈ తరగతిలో బాగా తెలిసిన బళ్లు చూసినా ఈ తేడా కనిపిస్తుంది. యమహా టెనెరె 700కి ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు, 16 లీటర్ల ట్యాంకు, 875 మి.మీ. సీటు. సుజుకి వి-స్ట్రామ్ 650కి 19, 17 అంగుళాలు, 20 లీటర్లు, 835 మి.మీ. కవాసాకి వెర్సిస్ 650కి రెండు వైపులా 17 అంగుళాలే, 21 లీటర్లు. మూడింటినీ ఒకే గాటన కట్టి అడ్వెంచర్ అంటారు గానీ మొదటిది మట్టికి, మూడోది రోడ్డుకి పుట్టినవి. వీటిలో రెండిటిని పోలుస్తున్నామంటే నిజానికి మన ప్రయాణాలనే పోల్చుకుంటున్నాం.

బరువు లెక్క కూడా షోరూమ్‌లో ఎవరూ ఎత్తరు. బండి గరిష్ఠ అనుమతి బరువులోంచి పెట్రోలుతో సహా బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయించగలిగింది. ఉదాహరణకి 415లోంచి 215 పోతే 200 కిలోలు. హెల్మెట్, జాకెట్ వగైరా వేసుకున్న మీరు 90, వెనక మనిషి 70, క్రాష్ గార్డూ ర్యాకూ సామాను పెట్టుకునే ఖాళీ డబ్బాలూ కలిపి 20 దాకా. బట్టలకి, టెంటుకి, పనిముట్లకి మిగిలింది 20 కిలోలు. పోల్చేటప్పుడు ఒక కంపెనీ డ్రై వెయిట్ (పెట్రోలు లాంటివి లేకుండా బరువు), ఇంకో కంపెనీ కెర్బ్ వెయిట్ (అవన్నీ నింపాక బరువు) రాస్తే మోసపోకండి. ఇంధనం ఒక్కటే లీటరుకి ముప్పావు కిలో, 20 లీటర్లంటే 15 కిలోలు.

కాబట్టి టెస్ట్ రైడ్‌కి వెళ్లినప్పుడు తాళం తీసుకునే ముందే అడగండి: ఈ బండిలో స్టాండర్డ్ కానివి ఏమేం ఉన్నాయి? ఆ జాబితా వాళ్ల చేతే రాయించండి. టైర్లలో గాలి మీ ముందే కొలిపించండి, రెండు బళ్లకీ. ప్రీలోడ్ ఎక్కడుందో చూసి మీ బరువుకి తిప్పమనండి. వెనక కూర్చోబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి, ఒక్కరే నడిపిన పావుగంటకి విలువ లేదు. గాలి హెల్మెట్‌కి కొడుతుంటే ఫుట్‌పెగ్స్ మీద కొంచెం లేచి చూడండి. లేవగానే మోత తగ్గితే ఆ స్క్రీన్ మీ ఎత్తుకి సరిపడదు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మీకు కేటాయించిన బండి ఫ్రేమ్ నంబరు, తయారీ నెల, చక్రాలు ట్యూబ్‌లెస్సా కాదా అన్నది ఆర్డర్ ఫారంలో ఎక్కించమనండి. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బళ్లని వెనక్కి పిలవడం) ఏమైనా ఉందేమో కూడా చూసుకోవచ్చు. రాయడానికి మొండికేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, బళ్లు ఎక్కడికీ పారిపోవు.

నా గొడవ ఇంకా తెగలేదు. నోటిమాటలు ఆపి మెయిల్ పెట్టి, కంపెనీ కస్టమర్ కేర్‌ని కూడా అందులో కలిపాక లో సీటు ఉచితంగా ఇచ్చారు. టైర్లు మార్చి ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, ఇంతవరకూ మార్చలేదు. ట్యూబుల సంగతి మాత్రం "మేం అలా అనలేదు" అంటున్నారు.