మా వీధికొచ్చే క్యారేజీ భోజనం

అమలాపురంలో మా వీధినిండా అరవై దాటినవాళ్లమే. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఈ క్యారేజీకి గిరాకీ అందుకే. మధ్యాహ్నం పూటకి నెలకి 3,000. పప్పు మెత్తగా ఉంటుంది, కారం తక్కువ. పళ్లులేని మా ఆయన పనసపొట్టు కూర కూడా వదలరు. పులుసు మాత్రం నీళ్లేనండి! అడిగితే వంటకి మనుషులు దొరకట్లేదంటారు. మన కోనసీమ ఆడవాళ్లు కువైట్‌లో వండుతుంటే ఇక్కడెవరు దొరుకుతారు?

పక్కింటి మామ్మగారికి ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000. ఎనభై నిండనివాళ్లకి అందులో కేంద్రం వాటా 200 రూపాయలే, మిగతాది రాష్ట్రమే మొయ్యాలి. క్యారేజీకి పోగా మిగిలింది ఆవిడ బీపీ, షుగరు మందులకే చాలదు. ఆవిడలాంటివాళ్లకి సగం క్యారేజీ, సగం ధరకి పెట్టొచ్చుగా? అన్నట్టు, ఆదివారం సెలవేమిటో! ఆ రోజు ముసలాళ్లకి ఆకలెయ్యదా?