పసుపు చీటీలు, మిద్దెక్కిన గిత్త

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక స్టేషనరీ కొట్లో కొన్నాను ఈ అంటించే చీటీల కట్ట. మూడంగుళాల చదరం, 100 చీటీలు, 40 రూపాయలు. కంపెనీ పేరు ఎందుకులెండి.

నేనూ మా బావమరిదీ కలిసి ఎనిమిది పేజీల హాస్య కామిక్ చేస్తున్నాం. కథ నాది, బొమ్మలు వాడివి. ఒంగోలు గిత్త తప్పిపోతుంది, ఊరంతా వెతుకుతుంది. వాడిది నెల్లూరు. "బ్రెజిల్లో ఈ జాతిని నెలోర్ అంటారు బావా, పేరు మా ఊరిదే" అని మొదటిరోజే గొడవ. మాట నిజమే, అందుకే ఇంకా మంట.

మూడో పేజీలో వాడు నన్నడక్కుండా గిత్తను మిద్దె మీద నిలబెట్టేశాడు. బొమ్మ అదిరింది: పిట్టగోడ మీద గడ్డం ఆనించి, ఆరేసిన చీర నములుతోంది. కానీ ఎక్కింది దిగేదెట్టా? క్రేన్ తెప్పించాం, గడ్డివాము వేశాం, ఒక్కదానికీ నవ్వు రాలేదు. నాలుగు నుంచి ఏడు దాకా దింపుడు కార్యక్రమమే.

అప్పుడు ఫ్రేముకో చీటీ రాసి గోడకు అంటించాం. బీరువా తలుపు మీదైతే బాగానే పట్టుకుంటుంది. సున్నం గోడ మీద మాత్రం పొడి జిగురుకంటుకుని, ఫ్యాన్ మూడులో పెడితే రాలిపోతుంది. 1968లో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చెయ్యబోతే వచ్చిన పట్టీపట్టని జిగురే ఇలాంటి చీటీలకు మూలం. మా కట్టవాళ్ళు ఆ పట్టు ఇంకాస్త తగ్గించినట్టున్నారు. కింది నుంచి పీకితే కొస చుట్టుకుంటుంది, పక్కనుంచి పీకండి. జెల్ పెన్ను అలుక్కుంటుంది, బాల్‌పెన్నే మేలు.

ఒక మధ్యాహ్నం పది చీటీల దాకా రాలాయి. వాడు టీ గ్లాసు వదలకుండా ఒంటిచేత్తో ఏరి, ఖాళీ ఉన్నచోటల్లా అంటించాడు. "మిద్దె మీద గిత్త" ఎనిమిదో పేజీ చివరికి పోయింది. ఇద్దరం అట్టే చూస్తుండిపోయాం. ఊరంతా చెరువుగట్టు, సంత తిరిగొచ్చి ఆ మిద్దె కిందే పంచాయితీ పెడతారు. చివరి ఫ్రేములో సగం నమిలిన చీర సర్పంచి తలమీద పడుతుంది. ఇక దింపే పనే లేదు! మూడో పేజీలో చీర పోయిందని ఒకావిడ తిట్టే ఫ్రేము ఒకటి చేర్చాం. క్రేన్ పేజీలు తీసేసినందుకు వాడు రెండురోజులు మాట్లాడలేదు, పాపం కష్టపడి గీశాడు.

ఐదుకి మూడు ఇస్తున్నా. రెండో కట్ట కొన్నాను, ఈసారి బీరువా తలుపుకే. బావమరిది మాత్రం గోడకే అంటించి ఫ్యాన్ వేద్దామంటున్నాడు.